కోనసీమ తీరంలో చుక్కలు చూపించే హోమ్‌స్టే పెట్టాలంటే

మాది అంతర్వేదికి దగ్గర్లో, సముద్రం హోరు ఇంట్లోకి వినిపించేంత దూరంలో ఉన్న ఊరు. కొబ్బరితోటలో రెండు గదుల హోమ్‌స్టే నడుపుతున్నాం. పగలు చూడ్డానికి నరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు ఎలాగూ ఉన్నాయి. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది మాత్రం రాత్రి కోసమే వస్తారు. ఈమధ్య ఓడలరేవు నుంచీ ఎస్.యానాం నుంచీ కూడా ఫోన్లు చేసి "అక్కా, మేమూ పెడదామనుకుంటున్నాం, ఏ టెలిస్కోపు కొనమంటారు?" అని అడుగుతున్నారు. అందరికీ ఒకటే చెబుతున్నాను. టెలిస్కోపు ఆఖర్న కొనండి. ముందు మీ ఊరి చీకటిని కాపాడుకోండి, ఆ చీకటి మీద వచ్చే డబ్బు ఊళ్ళోనే తిరిగేలా చూసుకోండి. ఈ రెండూ కుదిరితే మిగతావన్నీ చిన్న పనులే.

ముందు మీ ఆకాశం సంగతి తేల్చుకోండి

అమావాస్యకి అటూ ఇటూ, మబ్బు లేని రాత్రి, ఇంట్లో లైట్లన్నీ ఆర్పేసి పెరట్లో కూర్చోండి. ఫోను లోపల పెట్టేయండి. కంటికి చీకటి పూర్తిగా అలవాటు కావడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి వాట్సాప్ తెరిచినా మళ్ళీ మొదటికొస్తారు. అరగంట అయ్యాక నాలుగు దిక్కులూ చూడండి.

మన డెల్టా ఎడారి కాదు, ఊరికీ ఊరికీ మధ్య సందే ఉండదు. ఉత్తరం వైపు రాజోలు, వాయవ్యాన నరసాపురం, ఇంకా పైకి భీమవరం, ఆ లైట్లన్నీ కలిసి అంచున తెల్లటి పొరలా కనిపిస్తాయి. దానికి మనం చేయగలిగింది తక్కువ. దక్షిణానికి తిరగండి. అటు సముద్రం. అక్కడక్కడా వేట పడవల దీపాలు తప్ప, ఆ వైపు ఊళ్ళు లేవు, వీధిలైట్లు లేవు. మన ఆస్తి అదే. అందుకే చోటు ఎంచుకునేటప్పుడు ఊరు వీపు వెనక, సముద్రం ముఖానికి ఎదురుగా ఉండేలా చూసుకోవాలి.

ఆకాశం ఎంత బాగుందో కొలవడానికి మీటర్లు ఉన్నాయి గానీ మొదట్లో అక్కర్లేదు. చలికాలంలో కృత్తికలు చూడండి, మా అత్తగారు వాటిని పిల్లలకోడి అంటారు. గుంపులో ఆరు చుక్కలు విడివిడిగా లెక్కపెట్టగలిగితే మీ చోటు పనికొస్తుంది. వేసవిలో అర్ధరాత్రి దాటాక ఆగ్నేయంలో పాలపుంత తెల్లగా, మధ్యలో నల్లటి చారలతో కనబడితే ఇంక ఆలోచించకండి. కృత్తికలు ఉత్త మసకగా అలికినట్టు ఉంటే మాత్రం చుక్కల పేరు మీద జనాన్ని పిలవొద్దు. వాళ్ళు దూరం నుంచి వస్తారు.

కొబ్బరిచెట్లు కళ్ళకి అందమే, ఆకాశానికి మాత్రం అడ్డం. ధ్రువ నక్షత్రం మనకి 16 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. చెయ్యి చాచి పిడికిలి బిగిస్తే అది దాదాపు పది డిగ్రీలు, అంటే ధ్రువుడు ఒకటిన్నర పిడికిళ్ళ ఎత్తు. తోటలో నిలబడితే కనిపించడు. మేం తోటలో భోజనాలు పెట్టి, చుక్కలకి మాత్రం దాళ్వా (రెండో పంట వరి) కోసేసిన చేలోకి తీసుకెళ్తాం. చేను లేనివాళ్ళకి ఏటిగట్టు బాగుంటుంది, చుట్టూ నేలకన్నా ఎత్తు కాబట్టి నాలుగు వైపులా తెరిచి ఉంటుంది. గట్టు మీద బళ్ళు తిరిగే వేళలు మాత్రం ముందే చూసుకోండి, ఒక్క ట్రాక్టర్ హెడ్‌లైట్ చాలు ఆ అరగంట అలవాటు పోవడానికి.

మన దగ్గర ఉన్నదేంటి?

మన దేశంలో చీకటిని కాపాడి చుక్కలు చూపించే పని పెద్ద ఎత్తున జరిగిన చోటు లడఖ్‌లోని హాన్లే. 2022 డిసెంబరులో అక్కడ 1,073 చదరపు కిలోమీటర్లు డార్క్ స్కై రిజర్వుగా ప్రకటించారు. ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ వాళ్ళ అబ్జర్వేటరీ సుమారు 4,500 మీటర్ల ఎత్తులో అక్కడే ఉంది. చుట్టుపక్కల పల్లెవాళ్ళకే శిక్షణ ఇచ్చి, టెలిస్కోపులిచ్చి, వచ్చినవాళ్ళకి ఆకాశం చూపించే పని అప్పగించారు. 2024 జనవరిలో మహారాష్ట్రలోని పెంచ్ పులుల అభయారణ్యానికి దేశంలో మొదటి డార్క్ స్కై పార్కుగా గుర్తింపు వచ్చింది.

ఆ పొడి గాలి, ఆ ఎత్తు మనకి రావు. మన గాలిలో తేమ, ఉప్పు, చలికాలం పొగమంచు ఉంటాయి. కానీ హాన్లే ఉన్నది బాగా ఉత్తరాన. త్రిశంకు నక్షత్రాలు, అదే యాప్‌లలో సదరన్ క్రాస్ అని కనిపించేవి, అక్కడ కనబడవు. ఢిల్లీలో కూడా దాదాపు నేలకి ఆనుకునే ఉంటాయి, ఆ దుమ్ములో ఎవరూ చూడలేరు. మనకి అవి సముద్రం మీద పదమూడు డిగ్రీల దాకా లేస్తాయి. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళు ఈ నాలుగు చుక్కల్ని మొదటిసారి చూసి నోట మాట లేకుండా నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. హైదరాబాద్ వాళ్ళకి లెక్కప్రకారం అక్కడ కూడా కనబడాలి, బిల్డింగులూ లైట్లూ కనబడనివ్వవు. కాబట్టి మీ పేజీలో పనసపొట్టు కూర ఫొటోతో పాటు "ఏప్రిల్, మే నెలల్లో త్రిశంకు నక్షత్రాలు సముద్రం మీద" అని తప్పకుండా రాయండి.

లైట్ల పని

అసలు కష్టం ఇక్కడే. నా పుట్టిల్లు పాశర్లపూడి చుట్టుపక్కలే. 1995లో అక్కడ గ్యాస్ బావి బ్లోఔట్ అయినప్పుడు మంట రెండు నెలలకు పైగా ఆరలేదు. అన్ని రాత్రులూ ఆకాశం ఎర్రగానే ఉండేది. ఆ మంట ఆరిన తర్వాత పైన అన్ని చుక్కలు చూసి పిల్లలందరం వీధిలోకి పరిగెత్తాం. వెలుగు ఎంత తీసుకుపోతుందో నాకు అప్పుడే తెలుసు. ఇప్పుడు ఆ పని ఎల్ఈడీలు చేస్తున్నాయి, కాకపోతే కొంచెం కొంచెంగా.

మీ ఇంటితో మొదలుపెట్టండి. ఒకటే సూత్రం పెట్టుకోండి. చీకట్లో దూరంగా నిలబడి చూస్తే బల్బు కంటికి కనబడకూడదు, దాని వెలుగు నేల మీద కనబడాలి. మేం పదిహేను లీటర్ల నూనె డబ్బా రేకుని వెల్డింగ్ షాపులో మూడు వైపులా మూసి ఉండేలా మడిపించి, లోపల నల్ల రంగు వేసి, గోడ బల్బు మీద బిగించాం. వెలుగు సరిగ్గా మెట్ల మీదే పడుతుంది. బల్బు కొనేటప్పుడు పెట్టె మీద అంకె చూడండి. 6500కే అని ఉంటే తెల్లటి నీలం వెలుగు, అది గాలిలో ఎక్కువగా చెదిరి ఆకాశమంతా పాకుతుంది. 2700కే తీసుకోండి, పసుపుపచ్చగా ఉంటుంది, కళ్ళకీ హాయి. తక్కువ వాట్లు చాలు.

తర్వాత పక్కింటివాళ్ళు. చెప్పడానికి ఉత్త చేతులతో వెళ్ళకండి. బల్బు, రేకు కప్పు మీ ఖర్చుతో తీసుకెళ్ళి, మీరే బిగించి రండి. "మీ లైటు తీసేయండి" అంటే ఎవరికైనా కోపం వస్తుంది. "ఇది పెడితే మీ వాకిట్లో వెలుగు ఇంకా బాగుంటుంది, పిన్నిగారూ" అంటే వింటారు, అది నిజం కూడా. బల్బు కంట్లో పొడవదు కాబట్టి మెట్లు ముందుకన్నా బాగా కనబడతాయి.

రొయ్యల చెరువుల దగ్గర జాగ్రత్తగా మాట్లాడాలి. వాళ్ళకి రాత్రి ఏరేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) చూసుకోవాలి, చెక్ ట్రేలు (మేత తిన్నాయో లేదో చూసే పళ్ళేలు) లేపాలి, దొంగల భయం ఉంటుంది. లైటు ఆర్పమని అడగడం న్యాయం కాదు. ఫ్లడ్‌లైట్ తలని చెరువులోకి వంచమని అడగండి. గట్టు మీద పని ఆగదు, మన ఆకాశమూ మిగులుతుంది.

వీధిలైట్లకి పంచాయతీకి వెళ్ళాలి. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగా చెబుతాను. వీధిలైట్లు తీసేయమని ఎప్పుడూ అడగొద్దు. రాత్రి ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలకీ, తెల్లారుజామున చేపల బుట్టలతో వెళ్ళే ఆడవాళ్ళకీ ఆ లైటు కావాలి. చుక్కల కోసం వాళ్ళని భయపెట్టే హక్కు మనకి లేదు. కప్పు పెట్టించమని, పాడైన బల్బు మార్చేటప్పుడు పసుపు వెలుగుది వేయమని, సముద్రం వైపు చివరి స్తంభాలకి మాత్రం పది దాటాక తగ్గించమని గ్రామసభలో అడగండి. ఒక్కరుగా కాకుండా డ్వాక్రా గ్రూపు తరఫున అర్జీ పెడితే పట్టించుకుంటారు.

గ్రామసభలో బాగా పనిచేసే మాట ఇంకొకటి ఉంది, తాబేళ్ళు. మన తీరానికి చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. గుడ్లు పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి ఎటు వెలుగు ఎక్కువుంటే అటు నడుస్తాయి. మామూలుగా అది సముద్రం వైపు. ఒడ్డున లైట్లుంటే ఊరి వైపు నడిచి, కుక్కలకీ కాకులకీ దొరికి చచ్చిపోతాయి. వన్యప్రాణి చట్టంలో వీటికి మొదటి షెడ్యూలు రక్షణ ఉంది. చుక్కలకి పెట్టిన రేకు కప్పే తాబేలు పిల్లకీ దారి చూపిస్తుంది. ఈ సంగతి చెబితే మత్స్యకారుల పెద్దలు నా కంటే గట్టిగా మాట్లాడారు. అతిథుల్ని మాత్రం గుడ్ల చోటికి తీసుకెళ్ళొద్దు, టార్చి వేసి తాబేలు ఫొటోలు తియ్యనివ్వొద్దు.

ఏ రాత్రులు, ఏ నెలలు

ప్రతి ఇంట్లో పంచాంగం ఉంది, వేరే యాప్ అక్కర్లేదు. బహుళ సప్తమి నుంచి అమావాస్య మీదుగా శుద్ధ చవితి దాకా బుకింగులు తీసుకోండి. బహుళ పక్షంలో చంద్రుడు రోజూ ముప్పావుగంట పైగా ఆలస్యంగా వస్తాడు కాబట్టి సాయంత్రాలు మనవే. శుద్ధ చవితినాటికి తొమ్మిది, తొమ్మిదిన్నరకల్లా అస్తమిస్తాడు. పౌర్ణమి చుట్టూ వచ్చేవాళ్ళకి వెన్నెల్లో భోజనం, పడవ అని నిజమే చెప్పి పిలవండి. భీష్మ ఏకాదశి చుట్టూ అంతర్వేది కల్యాణోత్సవాలు. ఆ రోజుల్లో గదులు ఎలాగూ నిండుతాయి, చుక్కల మాట ఎత్తొద్దు.

మృగశిర కార్తె మొదలైందంటే జూన్ రెండోవారం, ఇంక దసరా దాకా మబ్బులే. అక్టోబరు, నవంబరులో వాన కడిగేసిన గాలి చాలా శుభ్రంగా ఉంటుంది, చీకటి పడగానే నైరుతిలో పాలపుంత కాసేపు కనిపిస్తుంది. కానీ అవి తుఫాను నెలలు. హెచ్చరిక వచ్చిన రోజే బుకింగు రద్దు చేసి డబ్బు వెనక్కి ఇచ్చేయండి. 1996 నవంబరు చూసిన ఊళ్ళం మనం, ఇందులో బేరం ఉండకూడదు. డిసెంబరు 13, 14 రాత్రులు జెమినిడ్స్ ఉల్కలు రాలతాయి. చంద్రుడు అడ్డం రాని ఏడాదిలో అర్ధరాత్రి దాటాక మంచాల మీద పడుకుంటే చాలు. ధనుర్మాసం తెల్లవారుజాముల్లో పొగమంచు కమ్ముతుంది, అందుకే ఆ నెలలో పెందరాళే చూపించేస్తాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఉన్న అమావాస్యలు అన్నిటికన్నా మంచివని నా లెక్క.

ఏప్రిల్ అమావాస్య రాత్రి మేం చేసేది

ఏడింటికల్లా భోజనం ముగించేస్తాం. చేలో నవారు మంచాలు వేసి ఉంటాయి. నిలబడి చూస్తే పావుగంటలో మెడ పట్టేస్తుంది, పడుకుని చూసినవాళ్ళు రెండు గంటలైనా లేవరు. టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు వేసి రబ్బరుబ్యాండు పెడతాం, ఎర్ర వెలుగు కంటి చీకటి అలవాటుని అంతగా చెడగొట్టదు.

పావు తక్కువ ఎనిమిదికి ఆకాశం బాగా నల్లబడుతుంది. మొదట పడమర, ఎందుకంటే అక్కడివి దిగిపోతుంటాయి. వేటగాడి (యాప్‌లలో ఓరియన్) నడుము మూడు చుక్కలు, పక్కనే ఎర్రగా ఆర్ద్ర. నైరుతిలో కిందుగా అగస్త్యుడు. నెత్తిమీద మఖ. ఈశాన్యంలో సప్తర్షులు లేస్తుంటారు, వాళ్ళ తోక వంపు పట్టుకుని తూర్పుకి జరిగితే స్వాతి, అదే వంపులో ఇంకా పోతే చిత్త. ఇక్కడ మా మావయ్యగారు అందుకుంటారు. ఆయనకి కార్తెలన్నీ నోటికొచ్చు, ఏ కార్తెలో నారు పోయాలో, ఏ వాన నిలుస్తుందో చెబుతూ ఒక్కో నక్షత్రం వైపు చెయ్యి చూపిస్తారు. రోహిణి కార్తె ఎండలు తెలిసినవాళ్ళే గానీ రోహిణిని చూసినవాళ్ళు తక్కువ. పడమటి అంచున దాన్ని చూపించగానే పిల్లలు కాదు, పెద్దవాళ్ళు లేచి కూర్చుంటారు.

పది దాటాక సముద్రం వైపు తిప్పుతాం. త్రిశంకు నిటారుగా నిలబడుతుంది, దానికి ఎడమ పక్కన రెండు పెద్ద చుక్కలు. వాటిలో ఎడమది ఆల్ఫా సెంటారీ. సూర్యుణ్ణి వదిలేస్తే మనకి అతి దగ్గరి నక్షత్రాలు అక్కడే ఉన్నాయి, ఆ వెలుగు బయల్దేరి నాలుగేళ్ళు దాటింది. అప్పటికి జ్యేష్ఠ ఎర్రగా ఆగ్నేయంలో లేచి ఉంటుంది. పాలపుంత కోసం ఆగేవాళ్ళకి శొంఠి కాఫీ ఇచ్చి ఒంటిగంట దాకా కూర్చోబెడతాం. మిగతావాళ్ళని పడుకోమంటాం.

ముందే ఒక మాట చెప్పాలి. ఫొటోల్లో పాలపుంత ఊదాగా, గులాబీగా ఉంటుంది, మన కంటికి ఆ రంగులు రావు. తెల్లటి పొగలా కనిపిస్తుందని ఫోన్లోనే చెప్పేయండి. అలా విని వచ్చినవాళ్ళు ఎవరూ నిరాశపడి వెళ్ళలేదు.

పరికరాల విషయానికొస్తే, మొదటి ఏడాది 7×50 గానీ 10×50 గానీ బైనాక్యులర్స్ రెండు చాలు. గురుగ్రహం చందమామలు, కృత్తికల గుంపు, వేటగాడి కత్తి దగ్గర నెబ్యులా అనే వాయువుల మేఘం, చలికాలంలో ఆండ్రోమెడా గెలాక్సీ వీటితోనే కనబడతాయి. శనిగ్రహం వలయాలకి మాత్రం టెలిస్కోపు కావాలి. అప్పుడు అద్దం వెడల్పు ఆరు అంగుళాలదో ఎనిమిది అంగుళాలదో డాబ్సోనియన్ రకం తీసుకోండి, మోటార్లు లేనిది, చేత్తో తిప్పేది, ఇంటర్ చదివే పిల్లలు కూడా ఒక పూటలో నేర్చుకుంటారు. ఆకుపచ్చ లేజర్ పిల్లల చేతికి ఇవ్వొద్దు, కళ్ళు పోతాయి.

ప్రాణాల మీదికి వచ్చేవి

చుక్కలకి మంచి రాత్రి అమావాస్య. సముద్రానికి పెద్ద పోటు వచ్చేదీ అప్పుడే. సంగమం దగ్గర ఇసుక తిన్నె ఎనిమిదింటికి పొడిగా ఉండి పదింటికి నీళ్ళలో ఉండొచ్చు. పొద్దు గూకాక పోటు గీత దాటి ఎవర్నీ అడుగు పెట్టనివ్వొద్దు, ఎంత బతిమాలినా సరే. ఊళ్ళో వేటకెళ్ళే మనిషి ఒకరు జనంతో ఉండాలి, ఆయనకి కూలి ఇవ్వాలి.

రెండోది పాములు. కట్లపాము రాత్రే తిరుగుతుంది. కోసిన చేలో ఎలకల కోసం వస్తుంది. మంచాలు వేసే చోట సాయంత్రం దుబ్బులు తీయించి శుభ్రం చేయించండి, అతిథులకి బూట్లు తప్పనిసరి అని ముందే చెప్పండి, మంచం దిగే ముందు ఎర్ర టార్చి కింద వేయమనండి. యాంటీ వెనమ్ మీకు దగ్గర్లో ఏ ఆస్పత్రిలో ఉందో సీజన్ మొదట్లోనే కనుక్కుని గోడ మీద రాసి పెట్టండి. దోమలకి పొగ వేస్తే ఆకాశం మసకబారుతుంది, ఓడోమాస్ పంచండి.

డబ్బు ఎటు పోవాలి

గదికి కాకుండా చుక్కల రాత్రికి మనిషికి వెయ్యి తీసుకున్నారనుకోండి. అందులో మూడొందలు వంట చేసే గ్రూపు ఆడవాళ్ళకి, రెండొందలు ఆకాశం చూపించే పిల్లకో పిల్లాడికో, మంచాలు మోసి, కాపలా ఉండేవాళ్ళకి వంద, చీకటి నిధికి వంద. మిగిలిన మూడొందలు ఇంటికి. చీకటి నిధి అంటే పక్కిళ్ళకి బల్బులు, రేకు కప్పులు, పాడైతే మార్పించడం, అంతే. దాని లెక్క డ్వాక్రా పుస్తకంలో అందరికీ కనబడేలా రాయండి. లైటు దించుకున్న ఇంటికి ఆ లైటు వల్ల ఏదో వస్తోందని కనబడకపోతే రెండో ఏడాది మళ్ళీ ఫ్లడ్‌లైట్ వెలుగుతుంది.

ఎవరో పెద్ద రిసార్ట్ కట్టి మనల్ని పనికి పెట్టుకుంటామని వస్తారు. నాకు ఇష్టం లేదు. రిసార్ట్ వెంట లాన్ లైట్లు, డీజే, పార్కింగ్ లైట్లు వస్తాయి, వాళ్ళు అమ్మాలనుకున్న చీకటి మొదటి నెలలోనే పోతుంది. అమ్మే సరుకే చీకటి అయినప్పుడు చిన్నగా ఉండటమే లాభం. ఒక రాత్రికి పదిమందిని మించి తీసుకోకండి. మిగతావాళ్ళని పక్క ఊరి హోమ్‌స్టేకి పంపండి, వాళ్ళూ మీకు పంపుతారు. కాగితాలు సరిగ్గా పెట్టుకోండి. టూరిజం శాఖలో హోమ్‌స్టే నమోదు, భోజనం పెడుతున్నారు కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) రిజిస్ట్రేషన్, విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు అధికారులకి పంపడం. తీరానికి దగ్గర్లో కొత్త గది కట్టే ముందు సీఆర్‌జెడ్ (తీర ప్రాంత నియంత్రణ) నిబంధనలు కనుక్కోండి. ఉన్న పెంకుటిల్లు బాగుచేసుకోవడం అన్నిటికన్నా తేలిక.

మబ్బు పడితే? పొద్దున్నే ఫోన్ చేసి "ఈ రాత్రి నమ్మకం లేదండి" అని చెప్పండి. రావడం మానేస్తే అడ్వాన్సు వెనక్కి, వస్తే చుక్కల వెయ్యిలో భోజనం డబ్బే తీసుకోండి. పొద్దున పొట్టిక్కలు వేడివేడిగా పెట్టి, తోటలో తిప్పి, కొబ్బరి దింపు చూపించి పంపితే వాళ్ళే ఇంకో అమావాస్యకి తేదీ అడుగుతారు.

మే నెలాఖరుకి సీజన్ కట్టేసేముందు బైనాక్యులర్స్, అద్దాలు మెత్తటి బట్టతో తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో గట్టి మూత డబ్బాలో పెట్టండి. మన ఉప్పు గాలి, వానాకాలం తేమ కలిస్తే లోపల బూజు పడుతుంది, పడితే ఇక పోదు. జెల్ పొట్లాలు నెలకోసారి తీసి ఎండలో పెట్టండి, ఎండ లేకపోతే పెనం మీద సన్నటి సెగ చాలు. నవారు వదులైన మంచాలు ఆ నెలల్లోనే బిగించుకోండి. రేకు కప్పుల మేకులు తుప్పు పట్టాయేమో ఇంటింటికీ వెళ్ళి చూసి రండి, తుఫాను గాలికి ముందు ఎగిరేవి అవే.